కాన్పు గదిలో కొత్త చేతులు

నర్సింగ్ స్కూల్లో చేరిన అమ్మాయిలకు కాన్పు చేయడం మొదట బొమ్మ మీద నేర్పుతాం. రబ్బరు పొట్ట, రబ్బరు బిడ్డ. బొమ్మ అరవదు, చెయ్యి పట్టుకుని లాగదు, "నేను చచ్చిపోతానా సిస్టర్" అని అడగదు. కొన్నాళ్ళు బొమ్మతో చేయించాక ఒక ఉదయం వాళ్ళను బస్సెక్కించి ఆసుపత్రికి తీసుకుపోతాం. కాన్పుల గది తలుపు తీసి లోపలికి పంపుతాం. దీన్ని మేము క్లినికల్ పోస్టింగ్ అంటాం. ఆ పిల్లలతో పాటు లోపలికి పోయి, వాళ్ళ పక్కన నిలబడి పని నేర్పడం నా ఉద్యోగం. రిటైరయ్యేదాకా అదే చేశాను.

నెల్లూరులో ఒక నర్సింగ్ స్కూల్లో ట్యూటరుగా ఉండేదాన్ని. మా పిల్లల్ని ఇందుకూరుపేటకు అవతల, సముద్రానికి దగ్గరగా ఉన్న ఒక ఆసుపత్రికి పంపేవాళ్ళు. దాని పేరు ఇక్కడ అవసరం లేదు. రొయ్యల గుంటల మీద పనిచేసేవాళ్ళు, నాట్లకు పోయేవాళ్ళు, జాలర్ల పాళెంలో చేపలు ఎండబెట్టి అమ్ముకునేవాళ్ళు కాన్పులకు అక్కడికి వచ్చేవాళ్ళు. గాలి ఇటు తిరిగినప్పుడు ఎండుచేపల వాసన వార్డు దాకా వచ్చేది. కొత్తగా వచ్చిన పిల్లలు ముక్కు మూసుకునేవాళ్ళు. ముందుగా ఆ అలవాటు మాన్పించేదాన్ని. మంచం మీద ఉన్న మనిషి ఇంటి వాసన అది.

ఇప్పుడు ఈ పనిలోకి వస్తున్న అమ్మాయిల కోసం ఇది రాస్తున్నాను. పుస్తకంలో ఉన్నవి పుస్తకంలో చదువుకోండి. లేనివి కొన్ని చెబుతాను.

ఎక్కడ నిలబడాలి

మొదటి రోజు పిల్లలందరూ ఒకే చోట నిలబడతారు. మంచం కాళ్ళ వైపు, గోడకు ఆనుకుని. అక్కడి నుంచే కాన్పు బాగా కనిపిస్తుంది. మంచం మీద ఉన్న మనిషి వైపు నుంచి ఒకసారి ఆలోచించండి. నొప్పులతో విలవిల్లాడుతూ తల ఎత్తితే ఎదురుగా వరసగా తెల్ల కోట్లు. అందరి చూపూ ఒకే చోట. ఒక్కరికీ ఆమె పేరు తెలియదు.

నా పిల్లల్ని మొదటి వారమంతా తల వైపు నిలబెట్టేదాన్ని. నీళ్ళు పట్టడం, చెమట తుడవడం, నడుము రాయడం, పేరు పెట్టి పిలవడం, అంతే పని. వాళ్ళు గొణుగుతారు.

"ఇక్కడి నుంచి ఏం కనపడదు మేడమ్."

"మొహం కనపడతా ఉందిగా. ముందు అది చూడండి."

వాళ్ళ గొణుగుడులో అన్యాయమేమీ లేదు. చదువు పూర్తి కావాలంటే ఒక్కొక్కరూ తమ చేతులతో ఇన్ని కాన్పులని చేసి చూపాలి. పిల్లలు ఎక్కువ, కాన్పులు తక్కువ. అందుకని ఒకే కాన్పులో ఒకరు తల పడతారు, ఒకరు బొడ్డు కోస్తారు, ఇంకొకరు బిడ్డను తూకం వేస్తారు. ముగ్గురూ తమ లెక్కలోకే వేసుకుంటారు. అలా చదువు ముగించి బయటికి వచ్చినవాళ్ళను చాలామందిని చూశాను. ఒక ఆడమనిషి నొప్పులు మొదలైన దగ్గర నుంచి బిడ్డ పాలు పట్టేదాకా ఎలా మారుతుందో వాళ్ళలో సగం మందికి తెలియదు.

అందుకే ఒక తల్లికి ఒక విద్యార్థి అనే పద్ధతి పెట్టాలనుకున్నాను. ఆ తల్లి లోపలికి వచ్చినప్పటి నుంచి వార్డులో మంచం మీద కుదురుకునేదాకా ఆ అమ్మాయి ఆమెను వదలకూడదు. కాన్పుల గదిలో ఏది మారాలన్నా రాజ్యం సిస్టర్ ఒప్పుకోవాలి.

రాజ్యం సిస్టర్

రాజ్యం సిస్టర్ ఆ గదికి ఇన్‌చార్జి. ఉద్యోగంలో నాకంటే పెద్ద. పొట్ట మీద చెయ్యి వేసి బిడ్డ ఎటు తిరిగి ఉందో చెబితే తప్పేది కాదు. అడ్డం తిరిగిన బిడ్డలు, మెడకు పేగు చుట్టుకున్న బిడ్డలు ఆమె చేతుల మీదుగా బతికి బయటపడ్డారు. చేతి పని విషయంలో నాకు తెలిసినదాంట్లో చాలా భాగం ఆమె దగ్గర నేర్చుకున్నదే.

నోరు మాత్రం చెడ్డది. నొప్పులు పడేవాళ్ళ మీద అరిచేది. "అప్పుడు తెలీలేదా మే, ఇప్పుడేడిస్తే ఏం లాభం?" అనేది. తొడ మీద ఒకటి వేసేది కూడా. నేను అడిగితే, "అరవకపోతే ముక్కరు సుగుణా, బిడ్డ లోపలే ఉక్కిరిబిక్కిరవతాది" అనేది. అది ఆమె మనస్ఫూర్తిగా నమ్మిన మాట. ఆమె పని నేర్చుకున్న రోజుల్లో ఆమె మీద కూడా అలాగే అరిచారు.

ఇందులో నేను గమనించింది ఒకటుంది. ఆమె చేతిలోని నేర్పు పిల్లలకు రావడానికి ఏళ్ళు పట్టేది. అరుపు మాత్రం వారంలో వచ్చేసేది. నిన్నటిదాకా పాఠం అప్పజెప్పడానికి వణికిన పిల్ల, తనకంటే పెద్దదైన మనిషిని "ఏయ్, కాళ్ళు తియ్" అని గదమాయించేది. శిక్షణ అంటే మనం నేర్పాలనుకున్నది మాత్రమే పిల్లలకు అంటుకోదు.

నా పద్ధతి చెప్పగానే రాజ్యం సిస్టర్ నవ్వింది. "ఒక్కొక్కరికీ ఒక్కో కాపలానా? మీ పిలకాయలు కూర్చోను వచ్చినారా, నేర్చుకోను వచ్చినారా?" అంది. డాక్టర్ శారద గారు మధ్యలో కల్పించుకుని ఒక బ్యాచ్‌కు చేసి చూడమన్నారు. శారద గారు ఆ ఆసుపత్రికి పెద్ద. మాట తక్కువ, పని ఎక్కువ. ఏదైనా చేసి చూపిస్తే ఒప్పుకునే మనిషి.

ఆ బ్యాచ్‌లోనే శిరీష ఉంది.

మైకు

శిరీషది బోగోలు వైపు ఒక పల్లె. నాన్న పడవ మీద పనికి పోయేవాడు. ఇంట్లో అందరి మాటా గట్టిది, ఈ పిల్లది మాత్రం చిన్న గొంతు. ఏది చెప్పినా చివర "అనుకుంటా" అని చేర్చేది. "బీపీ మామూలుగా ఉందనుకుంటా మేడమ్." ఆ అలవాటు మాన్పించడానికి చాలా తిప్పలు పడ్డాను. చేతులు మాత్రం నిదానమైనవి, మెత్తనివి. ఆమె తాకితే నొప్పుల్లో ఉన్నవాళ్ళు బిగుసుకునేవాళ్ళు కాదు.

ఒకరోజు ఆమె చూస్తున్న తల్లి కడుపులో బిడ్డ గుండె చప్పుడు ఆమెకు వినపడలేదు. ఇంకోసారి గొట్టం పెట్టి చూసింది, మళ్ళీ వినపడలేదు. భయపడి వరండాలో పరిగెత్తింది. ఓపీ చూస్తున్న శారద గారిని కేకవేసి పిలుచుకొచ్చింది. డాక్టరు గారు వచ్చి పొట్టకు రెండో వైపు పెట్టి చూశారు. గుండె గుర్రం పరుగులా కొట్టుకుంటోంది. బిడ్డ వీపు అటు ఉంది, శిరీష ఇటు వెతికింది. డాక్టరు గారు ఏమీ అనకుండా వెళ్ళిపోయారు. బయట ఓపీలో జనం నిండుగా ఉన్నారు.

రాజ్యం సిస్టర్ ఊరుకోలేదు. "మీ శిరీషమ్మకి గుండె వినపడాలంటే కడుపులో బిడ్డకి మైకు పెట్టాల" అంది. గదిలో అందరూ నవ్వారు. ఆ తల్లి కూడా నవ్వింది. ఆ రోజు నుంచి శిరీష పేరు "మైకు" అయింది. ఆయమ్మలు కూడా అలాగే పిలిచేవాళ్ళు. పిలిచేవాళ్ళ మనసులో చెడు లేదు.

నేను ఆమెను పక్కకు పిలిచి బిడ్డ వీపు ఎటుందో ముందు చేత్తో ఎలా చూసుకోవాలో మళ్ళీ నేర్పాను. చివర ఒక మాట చెప్పాను.

"అనుమానమొస్తే మళ్ళీ పిలువు. పదిసార్లు ఊరికే పిలిచినా ఫరవాలేదు."

"సరే మేడమ్" అంది.

అంది గాని, మైకు అని పిలిచినప్పుడల్లా ఆమె మొహం ఎలా అవుతుందో నేను చూస్తూనే ఉన్నాను. నేను ఒకసారి చెప్పిన మాట ఒకవైపు, రోజూ వినే పేరు ఒకవైపు.

కావేరి

కావేరి పాళెం మనిషి. రెండో కాన్పు. మొగుడు సముద్రం మీద ఉన్నాడు. అత్త నాగూరమ్మ వెంట వచ్చింది. కావేరి ఆటో దిగి నడుచుకుంటూ లోపలికి వచ్చింది. పళ్ళబిగువున నొప్పి ఓర్చుకునే మనిషి. రాజ్యం సిస్టర్ దగ్గరుండి శిరీష చేత కాన్పు చేయించింది. మధ్యాహ్నం కాకముందే ఆడపిల్ల పుట్టింది. మాయ కూడా చక్కగా పడింది. "చెయ్యి కుదిరింది మే నీకు" అని రాజ్యం సిస్టర్ శిరీష భుజం తట్టింది. ఆమె నోటి నుంచి ఆ మాట రావడం చిన్న విషయం కాదు.

కాన్పయ్యాక గది ఖాళీ అవుతుంది. అన్నిటికంటే జాగ్రత్తగా ఉండాల్సిన సమయం అదే. బిడ్డ ఏడ్చింది, అందరూ ఊపిరి పీల్చుకున్నారు, చుట్టాలకు మాట చేరింది. ఇక ఆ తల్లి వైపు ఎవరూ చూడరు. ఆ రోజు దానికి తోడు డ్యూటీ మారే వేళ. పోయేవాళ్ళు వచ్చేవాళ్ళకు వార్డు అప్పగిస్తున్నారు. నేను పక్క గదిలో ఇంకో విద్యార్థితో, ఇంకో తల్లి దగ్గర ఉన్నాను. కావేరి దగ్గర మా పద్ధతి ప్రకారం శిరీష ఒక్కతే ఉంది.

ఆ తర్వాత జరిగింది నాకు శిరీష చెప్పిందే. కావేరి కింద వేసిన గుడ్డ తడిసింది. మార్చింది. అదీ తడిసింది. బొడ్డు కింద చెయ్యి పెట్టి చూస్తే గర్భసంచి బంతిలా గట్టిగా లేదు, మెత్తగా ఉంది. నేర్పినట్టే రుద్దింది. కాస్త గట్టిపడింది. చెయ్యి తీయగానే మళ్ళీ మెత్తబడింది. తలుపు దాకా వచ్చింది. రాజ్యం సిస్టర్, కొత్త డ్యూటీ సిస్టర్ మాట్లాడుకుంటున్నారు. వెనక్కి పోయింది. మళ్ళీ రుద్దింది. కావేరి ఆవలించింది. ఒంట్లో రక్తం తగ్గిపోతున్నప్పుడు వచ్చే ఆవలింత అది. దాహమంది. మంచం మీద అటూ ఇటూ కదలడం మొదలుపెట్టింది. శిరీష మళ్ళీ తలుపు దాకా వచ్చి, మళ్ళీ వెనక్కి పోయింది.

చివరికి ఆయమ్మను కావేరి దగ్గర నిలబెట్టి నా దగ్గరికి వచ్చింది. తలుపు సగం తీసి నిలబడి, "మేడమ్, ఒకసారి వస్తారా? ఏమీ లేకపోవచ్చు" అంది.

నేను పోయి దుప్పటి ఎత్తేసరికి కావేరి పెదవులు పాలిపోయి ఉన్నాయి. నాడి వేళ్ళకు సరిగా అందడం లేదు. నేను గట్టిగా పిలిచాను. అందరికంటే ముందు వచ్చింది రాజ్యం సిస్టర్. భుజాన ఇంటికి పోయే సంచి ఉంది. దాన్ని కింద పడేసింది.

ఆ పూట రాజ్యం సిస్టర్ ఒక్కసారి కూడా అరవలేదు. మూత్రం తీసింది, ఇంజెక్షన్ ఇచ్చింది, మాయను మళ్ళీ తెప్పించి ముక్క ఏమైనా లోపల ఉండిపోయిందేమోనని వెలుతురులో తిప్పి చూసింది. "కావేరీ, కళ్ళు తెరువమ్మా, నేనుండాను" అని మధ్యమధ్యలో చెబుతూనే ఉంది. ఆ గొంతు ఆమెకు ఉందని అప్పటిదాకా నాకు తెలియదు.

శారద గారు పరుగున వచ్చారు. రక్తం ఆగడం లేదు. ఒక చెయ్యి లోపల పిడికిలిగా పెట్టి, ఇంకో చెయ్యి పొట్ట మీద పెట్టి, గర్భసంచిని ఆ రెండింటి మధ్య అదిమి పట్టారు. నెల్లూరు పెద్దాసుపత్రికి పంపక తప్పదన్నారు. 108కి ఫోన్ చేశాం. బండి వచ్చేలోపు చేతి నరాలు కుంచించుకుపోయి సెలైన్ ఎక్కడం ఆగిపోయింది. ఇంకో చోట సూది పెట్టాలి. అది శారద గారే పెట్టగలరు. ఆమె చుట్టూ చూశారు. గర్భసంచిని అదిమి పట్టినవాళ్ళు బండిలో కూడా పోవాలి, నేనూ రాజ్యం సిస్టరూ పక్క గదిని వదిలి పోలేం.

"శిరీషా, క్లాసులో చేసినావు కదా, ఇట్రా. నా చెయ్యి తీస్తాను, నీది పెట్టు. నేను చెప్పేదాకా వదలొద్దు."

శిరీష గ్లవ్స్ వేసుకుని, డాక్టరు గారు చెయ్యి తీయగానే తన చెయ్యి పెట్టింది. రక్తం పూర్తిగా ఆగలేదు గాని తగ్గింది. అలాగే స్ట్రెచర్ మీద, అలాగే బండిలోకి. శారద గారూ శిరీషా బండిలో పోయారు. పక్క గదిలో నొప్పులతో ఉన్నవాళ్ళ కోసం నేనూ రాజ్యం సిస్టరూ ఉండిపోయాం. బిడ్డను ఎత్తుకుని నాగూరమ్మ వరండాలో నిలబడి ఉంది.

"నడిచొచ్చిన పిల్ల. ఏం చేసినారు నా కోడల్ని?" అంది.



నెల్లూరు నుంచి వచ్చాక

కావేరి బతికింది. గర్భసంచి తీసేయాల్సి వచ్చింది. రక్తం చాలా ఎక్కించారు.

మర్నాడు శారద గారు తన గదిలోకి మమ్మల్ని ముగ్గురినీ పిలిచారు. రాజ్యం సిస్టర్, నేను, శిరీష. ఎవరూ అడగకముందే శిరీష మాట్లాడింది. అంతకు ముందు ఎప్పుడూ ఆ పిల్ల తనంతట తాను నోరు తెరవడం నేను చూడలేదు.

"నేను ముందే చూసినాను డాక్టర్ గారూ. రెండుసార్లు తలుపు దాకా వచ్చి వెనక్కి పోయినాను."

"ఎందుకు?"

"మళ్ళీ నవ్వుతారని."

ఆ మాటలో "అనుకుంటా" లేదు.

రాజ్యం సిస్టర్, "ఆ పేరు పెట్టింది నేనే డాక్టరమ్మా" అంది. శారద గారు, "ఆ రోజు నేను కూడా ఒక్క మాట అనకుండా పోయినాను. పిలిచినందుకు మంచిదని చెప్పి పోవాల్సింది" అన్నారు.

తప్పు శిరీషది కాదని నేను అనను. కళ్ళ ముందు రక్తం పోతుంటే పిలవకపోవడం తప్పే. ఆమెకు కూడా అదే చెప్పాను. కానీ ఆ తప్పు ఆమె ఒక్కతే చేసింది కాదు. ఒక కొత్త పిల్ల పిలవడానికి భయపడిందంటే ఆ భయం పుస్తకంలోంచి రాలేదు. మా గదిలోనే పుట్టింది, మా నవ్వులోంచి. పైన ఉన్నవాళ్ళు ఈ సంగతి ఒప్పుకోకుండా కింది పిల్లకు మెమో ఇచ్చి చేతులు దులుపుకోవడం చాలాచోట్ల చూశాను. శారద గారు అలా చేయలేదు.

ఇంకో పని కూడా చేశారు. నాగూరమ్మ దగ్గరికి తానే పోయి, మేము గమనించడంలో ఆలస్యమైందని చెప్పారు. అలా చెప్పొద్దని, గొడవవుతుందని ఆసుపత్రిలో చాలామంది వారించారు. నాగూరమ్మ బిడ్డనే చూస్తూ అంతా వింది.

"నాకు చెప్పినావు గదా తల్లీ. నా కొడుకొచ్చినాక వాడికీ నువ్వే చెప్పు" అంది.

కావేరి మొగుడు ఒడ్డుకు చేరి నేరుగా నెల్లూరు వచ్చాడు. శారద గారు అతనికీ చెప్పారు. నేను పక్కనే ఉన్నాను. కేకలు వేస్తాడనుకున్నాను. అతను తల వంచుకుని విని, "ఇంకా రక్తం కావాలంటే మా తమ్ముళ్ళని పిలుస్తా" అన్నాడు. క్షమించాడని నేను అనుకోవడం లేదు. అప్పుడు అతనికి వేరే ఆలోచన లేదు, అంతే.

శిరీష చదువు మానేస్తానని పెట్టె సర్దుకుంది. హాస్టల్లో ఆమె పక్కన కూర్చుని చాలాసేపు మాట్లాడాను. ధైర్యం చెప్పే మాటలేవీ పనిచేయలేదు. చివరికి, "నువ్వు ఇంటికి పోతే నువ్వు చూడాల్సిన తల్లి దగ్గరికి ఇంకో పిల్ల వస్తుంది. ఆ పిల్లకు ఆవలింత అంటే ఏందో తెలియదు. నీకు తెలుసు" అన్నాను. ఆమె ఏడ్చింది. పెట్టె విప్పింది గాని కొన్నాళ్ళు కాన్పుల గదిలోకి రానంది. నేను బలవంతం చేయలేదు. టీకాలు వేసే గదిలో పనికి పెట్టాను.

కాన్పుల గదిలో మాత్రం ఒక మార్పు వచ్చింది. ఎవరు పిలిచినా రాజ్యం సిస్టర్ లేచి పోయేది. ఎందుకని అడిగేది కాదు. ఒకసారి అన్నం ముందు నుంచి లేచి పోయింది. అక్కడ ఏమీ లేదు. పిలిచిన అమ్మాయి బిక్కచచ్చిపోయి నిలబడింది. రాజ్యం సిస్టర్ చెయ్యి కడుక్కుంటూ, "మంచిది. చూస్తా ఉండు" అని మళ్ళీ పోయి అన్నం దగ్గర కూర్చుంది. నొప్పులు పడేవాళ్ళ మీద అరవడం మాత్రం పూర్తిగా మానలేదు. తగ్గింది. మనిషి అంత తేలిగ్గా మారుతుందని మీకు చెప్పి మోసం చేయను.

ఒక తల్లికి ఒక విద్యార్థి అనే పద్ధతి నిలబడింది. దానికి ఒకటి చేర్చాం. డ్యూటీ మారే వేళ, కాన్పయిన ప్రతి తల్లి మంచం దగ్గరికీ పోయేవాళ్ళూ వచ్చేవాళ్ళూ కలిసి పోవాలి. పొట్ట మీద ఇద్దరూ చెయ్యి పెట్టి చూడాలి. ఆ తర్వాతే సంచి భుజానికి తగిలించుకోవాలి. మీరు ఏ ఆసుపత్రికి పోయినా ఈ ఒక్క పని చేయండి. ఎవరూ చెప్పకపోయినా చేయండి.

టీకాల గదిలో

నెల దాటాక కావేరి బిడ్డకు టీకా వేయించడానికి వచ్చింది. బాగా చిక్కిపోయింది. నాగూరమ్మ వెంట లేదు, ఒక్కతే వచ్చింది. ఆ గదిలో నేనూ శిరీషా ఉన్నాం. శిరీష ఆమెను చూసి సిరంజీల ట్రే వైపు తిరిగిపోయింది.

కావేరి బల్ల మీద కూర్చుని, ఆమెనే చూస్తూ, "నువ్వే గదా మే, బండిలో నా పక్కన ఉన్నింది?" అంది.

"అవునక్కా."

శిరీష ఆమె ముందుకు వచ్చి నిలబడింది. ఆలస్యంగా పిలిచింది తానేనని చెప్పింది. గొంతు చిన్నదే, మాట మాత్రం తడబడలేదు. కావేరి వింది. "మా ఆయన చెప్పినాడు" అంది. కోపంగానూ కాదు, దయగానూ కాదు. తర్వాత తానే అడిగింది.

"దారంతా చెవి కాడ ఏందో చెప్తా ఉన్నావే, ఏందది? దేవుడి మాటలా?"

"కాదక్కా. ఏం చెప్పాలో తెలీలేదు. దాటిన ఊర్ల పేర్లు చెప్పినా. అక్కా, ఇందుకూరుపేట దాటినాం. అక్కా, మైపాడు గేటు వచ్చేసింది, నెల్లూరు చేరినాం. అట్ట."

కావేరి తల ఊపింది. "కళ్ళు తెరవలేకపోయినా. యాడికొచ్చినామో మాత్రం తెలస్తానే ఉన్నింది."

బయట టీకాలకు వచ్చిన తల్లులు వరసగా కూర్చుని ఉన్నారు. నేను సూదిలోకి మందు ఎక్కించాను. కావేరి లేచి, బిడ్డను శిరీష చేతుల్లో పెట్టింది.

"నువ్వు పట్టుకో. సూది ఏస్తంటే నేను చూడలేను" అంది.

శిరీష బిడ్డ కాలు కదలకుండా పట్టుకుంది. సూది వేసి దూదితో అద్దేదాకా కావేరి గోడ వైపు తిరిగి నిలబడింది.